అంకెల వెనక దాగిన బొమ్మ: నోనోగ్రామ్‌లను ఊహతో కాకుండా తర్కంతో పూరించడం ఎలా?

అంకెల ఆధారంగా గళ్ళు నింపి బొమ్మను తేల్చే ప్రహేళిక నోనోగ్రామ్. పదిహేను గళ్ళ పొడవు, పదిహేను గళ్ళ వెడల్పు ఉన్న నోనోగ్రామ్‌ను మొదటిసారి తెరిచిన రోజు గంటకు పైగా దానితోనే కూర్చున్నాను. ముప్పాతిక భాగం నిండింది. బొమ్మ కూడా లీలగా కనిపించసాగింది. తీరా చివరి నాలుగు వరసల దగ్గరకు వచ్చేసరికి ఏ అంకెకూ చోటు కుదరలేదు. ఒకటి సరిచేస్తే మరొకటి తప్పుతోంది. వెనక్కి వెళ్ళి వెతికితే, ఆట మొదలైన ఐదు నిమిషాల్లోనే ‘ఇక్కడే ఉంటుందిలే’ అనుకుని నింపిన ఒక్క గడి ఇంతటికీ మూలమని తేలింది. దాన్ని నమ్ముకుని ముప్పై నలభై గళ్ళు నింపుకుంటూ పోయాను.

ఆ రోజే ఒక నియమం పెట్టుకున్నాను. ఏ గడినైనా నింపే ముందు అది ఎందుకు నిండాలో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే దాన్ని ముట్టుకోను. ఆ వాక్యాన్ని ఎలా వెతుక్కోవాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అంకెలు ఏం చెబుతాయి?

పత్రికల్లో గళ్ళ నుడికట్టు పూరించే అలవాటున్నవారికి అడ్డం, నిలువు అనే మాటలు కొత్త కాదు. ఇక్కడా అవే ఉంటాయి. ఆధారాలుగా మాటలకు బదులు అంకెలుంటాయి, గళ్ళలో అక్షరాలకు బదులు నలుపు నిండుతుంది, చివరకు ఒక బొమ్మ తేలుతుంది.

ప్రతి అడ్డు వరసకూ ఎడమ పక్కన, ప్రతి నిలువు వరసకూ పైన కొన్ని అంకెలుంటాయి. ఒక్కో అంకె ఒక్కో గుంపు. 4 అని ఉంటే ఆ వరసలో పక్కపక్కనే నాలుగు గళ్ళు నిండాలి. ‘4 3’ అని ఉంటే ముందు నాలుగు గళ్ళ గుంపు, ఆ తర్వాత మూడు గళ్ళ గుంపు ఉండాలి. రెండింటి మధ్య కనీసం ఒక ఖాళీ గడి తప్పనిసరి. ఆ ఖాళీ ఒక్కటే కావచ్చు, ఐదు కూడా కావచ్చు. క్రమం మాత్రం మారదు: అడ్డంలో ఎడమ నుంచి కుడికి, నిలువులో పై నుంచి కిందికి. సున్నా ఉన్నా, అసలు అంకే లేకపోయినా ఆ వరస మొత్తం ఖాళీ.

ఈ ఆటకు ఎన్నో పేర్లున్నాయి. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు అవి తెలిసి ఉండటం మంచిది. 1987లో టోక్యోలో జరిగిన ఒక పోటీలో నోన్ ఇషిదా అనే గ్రాఫిక్స్ ఎడిటర్, ఆకాశహర్మ్యాల కిటికీల్లో కొన్ని దీపాలు వెలిగించి, కొన్ని ఆర్పి బొమ్మలు రూపొందించి బహుమతి గెలుచుకున్నారు. ఆ ఆలోచనే గళ్ళ ప్రహేళికగా మారింది. దాదాపు అదే సమయంలో తెత్సుయా నిషియో అనే ప్రహేళికల రూపకర్త కూడా విడిగా ఇదే ఆటను కనిపెట్టారు. 1990లో బ్రిటన్‌కు చెందిన జేమ్స్ డాల్గెటీ, నోన్ పేరునూ డయాగ్రామ్ అనే మాటనూ కలిపి నోనోగ్రామ్ అన్నారు. ఆ ఏడాదే సండే టెలిగ్రాఫ్ పత్రిక వీటిని వారంవారం వేయడం మొదలుపెట్టింది. 1998లో పాఠకులకు పోటీ పెట్టి గ్రిడ్లర్స్ అని మరో పేరు ఎంచుకుంది. నింటెండో 1995లో గేమ్ బాయ్ కోసం మారియోస్ పిక్రాస్ విడుదల చేశాక వీడియో గేముల లోకంలో పిక్రాస్ అన్న పేరు స్థిరపడింది. బ్రిటన్‌లో హాంజీ అని కూడా అంటారు. రష్యన్లకు ఇవి జపనీస్ క్రాస్‌వర్డ్‌లు. పేరు ఏదైనా ఆట ఒకటే.

కిటికీల దీపాల సంగతి నేను తరచూ గుర్తు చేసుకుంటాను. ఆ బొమ్మ వెలిగిన కిటికీల వల్ల ఎంత ఏర్పడిందో, ఆర్పిన కిటికీల వల్లా అంతే ఏర్పడింది.

ఎక్కడ ఆడాలి? ముందుగా ఏం సరిచూసుకోవాలి?

బ్రౌజరులోనే ఉచితంగా ఆడుకోగల చోట్లు చాలా ఉన్నాయి. సైమన్ టాథమ్ రూపొందించిన పజిళ్ళ సంకలనంలో ప్యాటర్న్ అనే ఆట ఇదే. అందులో గళ్ళ చట్రాలను కంప్యూటరే యాదృచ్ఛికంగా తయారుచేస్తుంది కాబట్టి చివరకు గుర్తుపట్టదగిన బొమ్మ ఏదీ రాదు. కేవలం తర్కం సాధన చేయడానికి దాన్ని మించింది లేదు. ఎందుకంటే ‘ఇది పిల్లి చెవిలా ఉంది, రెండో పక్కనా చెవి ఉంటుంది’ అని బొమ్మను చూసి ఊహించే అవకాశం అక్కడ లేదు. బొమ్మ తేలే ఆనందం కావాలంటే నోనోగ్రామ్స్ డాట్ ఆర్గ్, గ్రిడ్లర్స్ డాట్ నెట్ వంటి చోట్లకు వెళ్ళండి. ఆడేవాళ్ళే గీసిన నలుపు తెలుపు బొమ్మలు, రంగుల బొమ్మలు అక్కడ రాశులుగా ఉంటాయి.

ఎక్కడ ఆడినా మొదటి ఆటకు ముందే అమరికలు (సెట్టింగ్స్) తెరిచి చూడండి. చాలా ఫోను ఆటల్లో, గడిని తాకగానే తప్పో ఒప్పో చెప్పేసే పద్ధతి ముందే పెట్టి ఉంటుంది. తప్పయితే ఒక ప్రాణం పోతుంది. ఇది కొత్త సంగతి కాదు. మారియోస్ పిక్రాస్‌లోనే అరగంట గడువు పెట్టి, మొదటి తప్పుకు 2 నిమిషాలు, రెండో తప్పుకు 4, ఆ తర్వాత ప్రతి తప్పుకూ 8 నిమిషాలు కోత వేసేవారు. కోత సంగతి ఎలా ఉన్నా, తప్పును వెంటనే చెప్పేయడం వల్ల అసలు నష్టం వేరే జరుగుతుంది. యంత్రం జవాబు చెబుతుంటే మనసు కారణం వెతకడం మానేస్తుంది. ఆ సౌకర్యాన్ని ఆపివేయగలిగితే ఆపేయండి. ఆపడానికి వీల్లేని ఆటను నేనైతే ఎంచుకోను.

పూర్తయిన అంకె రంగు మారే సౌకర్యం విషయం వేరు. గుంపు పొడవు సరిపోయిందని మాత్రమే అది చెబుతుంటే ఉంచుకోండి, కంటికి శ్రమ తగ్గుతుంది. అసలు సమాధానంతో పోల్చి చెబుతుంటే అదీ దొంగచాటు జవాబే.

కంప్యూటరులో సాధారణంగా మౌస్ ఎడమ మీటతో గడి నిండుతుంది, కుడి మీటతో ఖాళీ గుర్తు పడుతుంది. నొక్కి పట్టుకుని లాగితే వరసగా పడతాయి. ఫోనులో ఈ రెండు పనులకూ మధ్య మారడానికి కింద ఒక మీట ఉంటుంది. ఏ పనిలో ఉన్నామో మరచిపోయి ఖాళీకి బదులు నలుపు పెట్టేయడం ఫోనులో తరచూ జరిగే పొరపాటు. 10, 15 గళ్ళ చట్రాల వరకు ఫోను సరిపోతుంది. 20 దాటితే ట్యాబ్ గానీ కంప్యూటర్ గానీ వాడండి. వేలి కింద రెండు గళ్ళు పడే చోట తర్కం ఎంత బాగున్నా ఉపయోగం ఉండదు.

మొదటి అడుగు: ఐదు గళ్ళ చట్రం

ఒక కాగితం తీసుకుని ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్ళు గీయండి. అడ్డం ఆధారాలు పై నుంచి: 1, 3, 5, 1, 2. నిలువు ఆధారాలు ఎడమ నుంచి: 1, ‘2 1’, 5, 2, 1. కిందికి చదివే ముందు మీరే ప్రయత్నించండి.

మూడో అడ్డు వరసకు 5 అని ఉంది, గళ్ళూ ఐదే. కాబట్టి మొత్తం నిండాలి. మూడో నిలువు వరసా అంతే. చట్రం మధ్యలో ఒక కూడిక గుర్తు ఏర్పడింది.

ఇప్పుడు మొదటి నిలువు వరస చూడండి. దాని ఆధారం 1. మూడో వరసలో ఒక గడి ఇప్పటికే నిండింది కాబట్టి ఆ వరస పని అయిపోయింది. మిగిలిన నాలుగు గళ్ళలో, అవి ఖాళీ అని తెలిసేలా ఇంటూ గుర్తు పెట్టండి. ఐదో నిలువు వరసకూ ఇదే వర్తిస్తుంది. మొదటి అడ్డు వరసకు 1, నాలుగో అడ్డు వరసకు 1. రెండింటిలోనూ మధ్య గడి నిండి ఉంది, మిగతావన్నీ ఇంటూలు.

రెండో అడ్డు వరసకు 3 కావాలి. దాని రెండు చివరలా ఇంటూలు పడ్డాయి కాబట్టి మిగిలిన మూడు గళ్ళూ నిండాలి. రెండో నిలువు వరసకు ‘2 1’: పై గడి ఇంటూ, తర్వాత రెండు నిండాయి, నాలుగోది ఇంటూ, కాబట్టి మిగిలిన 1 అట్టడుగు గడే. ఐదో అడ్డు వరసలో రెండో గడీ మూడో గడీ నిండడంతో 2 తీరిపోయింది.

□ □ ■ □ □
□ ■ ■ ■ □
■ ■ ■ ■ ■
□ □ ■ □ □
□ ■ ■ □ □

వంకీ పిడి ఉన్న గొడుగు. ఎక్కడా ఊహించలేదు, ప్రతి గడికీ ఒక వాక్యం ఉంది. రెండో అడ్డు వరసను చూడండి. దాన్ని తేల్చింది అంతకు ముందు పెట్టిన ఇంటూలే. ఇంటూలు పెట్టకుండా ఆడేవాళ్ళు ఇలాంటి చోటే ఆగిపోతారు.

ఐదు గళ్ళ చట్రాన్ని నింపడానికి మొత్తం 3,35,54,432 విధాలున్నాయి. పది గళ్ళ చట్రానికి వస్తే ఆ సంఖ్యలో 31 అంకెలుంటాయి. ఊహ ఎందుకు పనికిరాదో ఈ లెక్కే చెబుతుంది.

వెసులుబాటు లెక్క

ఆట మొత్తంలో ఒక్క పద్ధతే నేర్చుకుంటానంటే ఇది నేర్చుకోండి.

పది గళ్ళ వరసకు 8 అని ఆధారం ఉందనుకోండి. ఆ గుంపును ఎడమ చివరకు నెట్టితే 1 నుంచి 8 వరకు ఉంటుంది, కుడి చివరకు నెట్టితే 3 నుంచి 10 వరకు. ఎటు నెట్టినా 3 నుంచి 8 వరకు ఉన్న ఆరు గళ్ళు దాని కిందే ఉంటాయి. ఈ ఉమ్మడి గళ్ళను ధైర్యంగా నింపవచ్చు.

గుంపులు ఎక్కువైనా పద్ధతి ఇదే. ముందు అన్ని గుంపులనూ, వాటి మధ్య ఒక్కో ఖాళీనీ కలిపి కూడండి. దాన్ని వరస పొడవులోంచి తీసివేస్తే మిగిలేది వెసులుబాటు, అంటే గుంపులు అటూ ఇటూ జరగగల దూరం. ఏ గుంపు పొడవు వెసులుబాటు కన్నా ఎక్కువో, ఆ గుంపులో ఆ తేడాకు సమానమైన సంఖ్యలో గళ్ళు ఖాయంగా నిండుతాయి.

పది గళ్ళ వరసలో ‘4 3’ తీసుకోండి. 4, 1, 3 కలిపితే 8. వెసులుబాటు 2. నాలుగు గళ్ళ గుంపు నుంచి రెండు, మూడు గళ్ళ గుంపు నుంచి ఒకటి ఖాయం. ఎడమకు నెట్టి చూస్తే నాలుగు గళ్ళ గుంపు 1–4లో, కుడికి నెట్టితే 3–6లో ఉంటుంది. కాబట్టి 3, 4 గళ్ళు నిండాలి. మూడు గళ్ళ గుంపు 6–8లో లేదా 8–10లో ఉంటుంది కాబట్టి 8వ గడి నిండాలి.

పదిహేను గళ్ళ వరసలో ‘3 5 2’ చూద్దాం. ఖాళీలతో కలిపి 12, వెసులుబాటు 3. మూడు గళ్ళ గుంపు, రెండు గళ్ళ గుంపు ఏమీ ఇవ్వవు. ఐదు గళ్ళ గుంపు మాత్రం రెండు గళ్ళు ఇస్తుంది. ఎడమకు నెట్టితే అది 5–9, కుడికి నెట్టితే 8–12. అందువల్ల 8, 9 ఖాయం.

కొత్తవాళ్ళ కళ్ళు పెద్ద అంకెల మీదకే పోతాయి. పది గళ్ళలో ‘2 2 2 1’ అన్న ఆధారం చూడటానికి చిన్నగా ఉంటుంది గానీ, కూడి చూడండి: 7, దానికి మూడు ఖాళీలు, మొత్తం 10. వెసులుబాటు సున్నా కాబట్టి వరస మొత్తం ఒక్క చూపులో పూర్తవుతుంది. దీనికి ఎదురు ఉదాహరణ ‘1 1 1 1 1’. వెసులుబాటు 1 మాత్రమే అయినా ఒక్క గడి కూడా ఖాయం కాదు, ఎందుకంటే ఏ గుంపూ ఆ ఒకటి కన్నా పెద్దది కాదు. ఒకే అంకె ఉన్న వరస గురించి ఇంకా సులువుగా గుర్తుంచుకోవచ్చు: వరస పొడవులో సగం దాటితేనే అది ఏదైనా చెబుతుంది. పది గళ్ళలో 6, పదిహేనులో 8, ఇరవైలో 11 నుంచి.

కొత్త చట్రం తెరవగానే నేను ఒక్క గడీ నింపకుండా ముందు అన్ని వరసల వెసులుబాటూ మనసులో లెక్క వేసుకుంటాను. తక్కువ ఉన్న వరసలతో మొదలుపెడతాను. అడ్డం నింపగానే దాని మీదుగా పోయే నిలువు వరసలు, నిలువు నింపగానే అడ్డు వరసలు. మార్పు జరిగిన వరసలనే మళ్ళీ చూస్తే చాలు. మారని వరసను పదేపదే చూస్తూ కూర్చుంటే అది కొత్తగా ఏమీ చెప్పదు.

ఇంటూ గుర్తు చేసే పని

పోచంపల్లి ఇకత్ చీరల డిజైనును ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్ళుగా గీస్తారు. ఆ తర్వాత నూలును అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. నేత పూర్తయ్యాక కనిపించే పువ్వు, ఏనుగు, చిలుక, అన్నీ ఎక్కడ రంగు అంటకూడదో ముందే తేల్చుకున్నందువల్ల వచ్చినవే. నోనోగ్రామ్‌లో ఇంటూ గుర్తు ఆ కట్టు లాంటిది.

పదిహేను గళ్ళ వరస, ఆధారం ‘4 3’. వెసులుబాటు 7 కాబట్టి మొదట్లో ఏమీ తెలియదు. ఈలోగా ఏదో నిలువు వరస వల్ల 4వ గడిలో ఇంటూ పడింది. ఇప్పుడు 1, 2, 3 గళ్ళలో నాలుగు గళ్ళ గుంపు పట్టదు. మూడు గళ్ళ గుంపు దానికన్నా ముందు రాకూడదు. కాబట్టి ఆ మూడూ ఇంటూలే. మిగిలింది 5 నుంచి 15 వరకు పదకొండు గళ్ళు. కావలసింది 8, వెసులుబాటు 3కు పడిపోయింది. నాలుగు గళ్ళ గుంపు 5–8లోనో 8–11లోనో లేక ఆ మధ్యనో ఉంటుంది. ఎలా ఉన్నా 8వ గడి నిండాలి. ఒక ఖాళీ గుర్తు మరో మూడు ఖాళీలనూ ఒక నలుపునూ ఇచ్చింది.

ఇంటూలు పెట్టవలసిన చోట్లు మరికొన్ని ఉన్నాయి. వరసలోని అంకెలన్నీ తీరగానే మిగిలిన గళ్ళన్నింటిలో పెట్టేయండి, వాయిదా వేయవద్దు. ఒక గుంపు పూర్తయిందని తేలితే దానికి అటూ ఇటూ పెట్టండి. పది గళ్ళ వరసలో ఆధారం 3 ఒక్కటే ఉండి, 6వ గడి నిండి ఉంటే, ఆ గుంపు 4 నుంచి 8 వరకే అందుకోగలదు. 1, 2, 3, 9, 10 గళ్ళకు చేరలేదు కాబట్టి అక్కడ ఇంటూలు. రెండు నలుపుల మధ్య ఒక తెలియని గడి ఉండి, దాన్ని నింపితే ఆధారంలోని అన్ని అంకెల కన్నా పెద్ద గుంపు తయారవుతుందనుకోండి. అప్పుడు ఆ గడి ఖాళీయే. ఆధారం ‘2 2’, 4వ గడీ 6వ గడీ నిండి ఉంటే 5వది ఇంటూ, ఎందుకంటే అది నిండితే మూడు గళ్ళ గుంపవుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ‘2 3’ అని ఆధారం ఉన్న వరసలో రెండు గళ్ళు పక్కపక్కన నిండగానే 2 అయిపోయిందని అటూ ఇటూ ఇంటూలు పెట్టేస్తారు. అది 3లో భాగం కావచ్చు. ఆధారంలోని అతి పెద్ద అంకెకు సమానమైన గుంపు అయితేనే చోటుతో పనిలేకుండా మూసేయవచ్చు. చిన్న అంకె అయితే అది ఎవరిదో తేలాలి.

ఈ నలుపు ఏ అంకెది?

మధ్య స్థాయి పజిళ్ళన్నీ ఈ ప్రశ్న దగ్గరే తెరుచుకుంటాయి. పది గళ్ళ వరస, ఆధారం ‘3 2’. 5వ గడిలో ఇంటూ ఉంది, 9వ గడి నిండి ఉంది. ఆ 9వ గడి మూడు గళ్ళ గుంపుది కావచ్చా? అయితే దాని తర్వాత రెండు గళ్ళ గుంపుకు చోటు లేదు. కాబట్టి అది రెండు గళ్ళ గుంపుదే. అంటే ఆ గుంపు 8–9 లేదా 9–10. మూడు గళ్ళ గుంపు 5వ గడికి కుడివైపు పడుతుందా? 6–8లో పెడితే 9ని తాకి నాలుగవుతుంది. కుదరదు. అందువల్ల అది 1–3 లేదా 2–4. ఫలితంగా 2, 3 గళ్ళు నిండాలి. 6, 7 గళ్ళలో ఇంటూలు. రెండే రెండు వివరాల నుంచి నాలుగు కొత్త వివరాలు వచ్చాయి.

అంచుల దగ్గర ఇదే ప్రశ్న ఇంకా సులువు. మొదటి గడి నిండితే మొదటి అంకె మొత్తం అక్కడి నుంచే మొదలవుతుంది, దాని తర్వాతి గడి ఇంటూ. మొదటి అంకె 5 అయి 3వ గడి నిండితే, ఆ గుంపు 3వ గడికి లోపే మొదలవ్వాలి కాబట్టి కనీసం 5వ గడి వరకు వస్తుంది. 4, 5 నింపేయండి. చివరి గళ్ళకు, చివరి అంకెకు కూడా ఇలాగే.

చట్రం అంచు నుంచి లోపలికి చూపు

ఒక్కో వరసను విడిగా చూసి చేయగలిగినదంతా చేశాక కూడా కొన్ని చట్రాలు కదలవు. అప్పుడు నేను ముందుగా చూసేది నాలుగు అంచులనే.

పై వరసకు ఆధారం 4 అనుకోండి, పది గళ్ళు. 3, 4, 5 నిలువు వరసల్లో ప్రతిదానికీ మొదటి అంకె 3. రెండో అడ్డు వరస ఆధారంలో ఉన్నవన్నీ ఒకట్లే. పై వరసలో ఒక గడి నిండితే, ఆ నిలువు వరసలోని మొదటి గుంపు అక్కడే మొదలైనట్టు. మొదటి అంకె 3 అయినచోట దాని కింది గడి కూడా నిండక తప్పదు. అందువల్ల పై వరసలోని నాలుగు గళ్ళ గుంపు 3, 4 రెండింటినీ కప్పితే రెండో వరసలో రెండు గళ్ళు పక్కపక్కన నిండుతాయి. కానీ అక్కడ ఒకట్లే ఉండాలి. 4, 5 విషయంలోనూ ఇదే చిక్కు. కాబట్టి ఆ గుంపు 5వ గడికన్నా ముందు మొదలు కాకూడదు. 1 నుంచి 4 వరకు ఇంటూలు. మిగిలిన అవకాశాలు 5–8, 6–9, 7–10. మూడింటిలోనూ ఉన్నవి 7, 8. అవి నిండాలి. వెసులుబాటు లెక్క ప్రకారం ఒక్క గడి కూడా ఇవ్వని వరస ఆరు గళ్ళు ఇచ్చింది.

ఈ పద్ధతి పట్టుబడిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. అంతవరకు ‘ఇక ఊహించక తప్పదు’ అని వదిలేసిన చట్రాలన్నీ వెతికి మళ్ళీ తెరిచాను.

నిజంగానే ఆగిపోతే

ముందుగా పాత ఇంటూలు ఎక్కడైనా మరిచిపోయారేమో చూడండి. నా అనుభవంలో ఆగిపోవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. తీరిన వరసలను ఒకసారి పై నుంచి కింది వరకు పరికించండి. ఆ తర్వాత కాసేపు లేచి వెళ్ళి రండి. అలసిన కన్ను చూసిన వరసనే చూస్తుంది.

అప్పటికీ కదలకపోతే విరోధం వెతకాలి. ‘ఈ గడి నిండిందనుకుందాం’ అని మొదలుపెట్టి, రెండు మూడు అడుగుల్లో ఏదైనా వరస కుదరకుండా పోతుందేమో చూడాలి. పోతే ఆ గడి ఖచ్చితంగా ఇంటూ. దీన్ని ఊహతో కలపకండి. ఊహించేవాడు కుదురుతుందని నమ్మి ముందుకు పోతాడు, విరోధం వెతికేవాడు కుదరదని రుజువైన దాన్నే వాడుకుంటాడు. కొన్ని చోట్ల ఇలాంటి పరీక్షకోసం వేరే రంగు గుర్తులుంటాయి. లేకపోతే మొదలుపెట్టే ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, వెనక్కి రావడం సులువవుతుంది. చిన్న వెసులుబాటు మిగిలిన వరసలో, ఇప్పటికే నిండిన గళ్ళ పక్కన మొదలుపెడితే విరోధం త్వరగా బయటపడుతుంది. పరీక్షించినా విరోధం రాలేదంటే ఏమీ రుజువు కానట్టే. ఆ గుర్తులన్నీ చెరిపేయాలి.

పెద్ద చట్రాలు కష్టంగా అనిపించడంలో మీ లోపమేమీ లేదు. 1996లో ఉయెదా, నాగావో అనే జపాన్ పరిశోధకులు, ఈ ఆట సాధారణ రూపం ఎన్‌పీ కంప్లీట్ వర్గానికి చెందుతుందని నిరూపించారు. ఎంత పెద్ద చట్రాన్నయినా వేగంగా విప్పే సూత్రం ఇంతవరకు ఎవరికీ దొరకలేదని అర్థం. అయితే మనుషుల కోసం శ్రద్ధగా తయారుచేసిన పజిళ్ళు సాధారణంగా పైన చెప్పిన పద్ధతులకే లొంగుతాయి.

తప్పు బయటపడినప్పుడు అక్కడికక్కడ అతుకు వేయకండి. ఒక గడిని చెరిపి మరో గడి నింపితే తప్పు పక్క వరసకు జరుగుతుందే గానీ పోదు. వాక్యం చెప్పగలిగిన చివరి చోటు వరకు వెనక్కి వెళ్ళండి. గుర్తు లేకపోతే మొత్తం చెరిపి మొదలుపెట్టండి. రెండోసారి ఎంత వేగంగా సాగుతుందో చూసి మీకే ఆశ్చర్యమేస్తుంది.

రంగుల చట్రాలు

నియమంలో ఒకటే మార్పు: ఒకే రంగు గుంపుల మధ్య ఖాళీ తప్పనిసరి, వేరు వేరు రంగుల గుంపులు ఆనుకుని ఉండవచ్చు. కాబట్టి వెసులుబాటు లెక్కలో రంగు మారే చోట ఒకటి కలపకూడదు. పది గళ్ళలో ఎరుపు 4, పచ్చ 3 అంటే కనీసం కావలసింది 7, వెసులుబాటు 3. అదే రెండూ ఎరుపైతే 8, 2. దీనికి బదులుగా రంగులు మరో సాయం చేస్తాయి. అడ్డు వరస ప్రకారం ఒక గడిలో ఎరుపు తప్ప మరే రంగూ రావడానికి వీల్లేదని తేలి, ఆ నిలువు వరస ఆధారాల్లో ఎరుపే లేకపోతే అది ఖాళీ. నలుపు తెలుపులో పదిహేను గళ్ళ చట్రాలు నిలకడగా పూరించగలిగాకే వీటికి రమ్మంటాను.

మీరే ఒకటి తయారుచేయండి

గళ్ళ కాగితం మీద బొమ్మ గీసి అంకెలు రాసుకుంటే పజిల్ తయారైనట్టే అనిపిస్తుంది. రెండు పరీక్షలు మిగిలే ఉంటాయి. మొదటిది సులువు: అడ్డం అంకెల మొత్తం, నిలువు అంకెల మొత్తం సమానంగా ఉండాలి. మన గొడుగులో రెండూ 12. తేడా వస్తే ఎక్కడో తప్పు రాశారు.

రెండోది, సమాధానం ఒక్కటే ఉండాలి. రెండు అడ్డం, రెండు నిలువు గళ్ళలో అన్ని ఆధారాలూ 1 అయితే, ఏటవాలు గీత ఇటు నుంచి గీసినా అటు నుంచి గీసినా సరిపోతుంది. పెద్ద బొమ్మలోనూ సన్నని ఏటవాలు గీతలు, విడివిడి చుక్కలు ఉన్నచోట ఇలాంటి జంట సమాధానాలు దాక్కుంటాయి. బొమ్మ పక్కన పెట్టి, ఖాళీ చట్రంలో మీ అంకెలతో మీరే పూరించి చూడండి. తర్కం ఆగిన చోట బొమ్మను మార్చాలి. గీతను రెండు గళ్ళ మందం చేస్తే చాలాసార్లు చిక్కు విడిపోతుంది.

సంక్రాంతికి మా అమ్మ వేసే చుక్కల ముగ్గును పదిహేను గళ్ళ చట్రంలోకి దించడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. ముగ్గంతా ఏటవాలు గీతలే కావడంతో మొదటి రెండు ప్రయత్నాలకూ ఒకటికన్నా ఎక్కువ సమాధానాలు వచ్చాయి. నాలుగు రేకులనూ మందం చేసి, మూలల్లోని చుక్కలు తీసేశాకే ఒక్కటి మిగిలింది. ఆ కాగితం ఇప్పుడు మా అక్క కూతురి దగ్గర ఉంది. ఏడో వరస దాకా వచ్చింది. ఏం బొమ్మో చెప్పమని అడగడం లేదు, ఐదో నిలువు వరసలో ఇంటూ ఎందుకు పడాలో మాత్రం నిన్న ఫోను చేసి నాకు వివరించింది.